'రన్' దగ్గర తడబడిన జేబు నిఘంటువు

నార్వేలోని బెర్గెన్ నగరంలో ఒక పాత పుస్తకాల దుకాణంలో 80 క్రోనర్లకు కొన్న ఇంగ్లీషు–నార్వేజియన్ జేబు నిఘంటువును ఆరు నెలలుగా భాషా తరగతికి వెంట తీసుకువెళుతున్నాను. ఏ నిఘంటువు చేతికొచ్చినా నేను మొదట తెరిచేది 'రన్' అనే క్రియ ఉన్న పుట. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును సవరించినప్పుడు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి కనుక, జేబు పుస్తకం చాలావాటిని వదిలేయక తప్పదు. ఉంచుకున్నవాటిని ఎలా చెప్పిందన్నదే చూడాలి.

ఈ పుస్తకం లోపె, రెన్నె, గో, డ్రీవె, షోరె అనే ఐదు క్రియలను కామాలతో పేర్చి, ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వకుండా ముగించింది. మొదటిదాన్ని నమ్మి, బస్సు 'లోపెర్' అని నేను రాస్తే మా ఉపాధ్యాయురాలికి నవ్వు ఆగలేదు. బస్సు కాళ్ళతో పరుగు తీస్తున్నట్టుంది ఆ వాక్యం. నార్వేలో బస్సు 'గోర్', అంటే నడుస్తుంది. గడియారమూ అంతే. ఈ బస్సు ఆదివారం నడవదు అనే భాషలో పుట్టిన నేను ఇంగ్లీషు మీదుగా వెళ్ళి తప్పులో కాలేశాను. ఏరు పారడానికీ ముక్కు కారడానికీ వాళ్ళకు 'రెన్నె' ఒక్కటే. దుకాణం నడపడానికి డ్రీవె. కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ నడపడానికి మాత్రం కారు నడిపే షోరె. ఇంట్లో పాలు అయిపోతే 'గో తొమ్' అంటారు. మనవాళ్ళు నిండుకున్నాయని మాట మారిస్తే, వాళ్ళు ఖాళీ అని ఉన్నమాటే అనేస్తారు. ఇదీ, ఎన్నికల్లో నిలబడడమనే 'స్టిల్లె తిల్ వల్గ్' కూడా ఈ పుటలో లేవు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది లోపె: అద్దె ఒప్పందం ఇన్నేళ్ళు అమల్లో ఉంటుందనడానికి అదే క్రియ వస్తుందని, నా ఒప్పందపత్రం చదివితేగాని తెలియలేదు.

నామవాచకం భాగం మాత్రం శ్రద్ధగా చేశారు. పరుగుపందెం లోప్ అని, ఆరోగ్యం కోసం వెళ్ళే పరుగు లోపెతూర్ అని, మంచు మీద స్కీ బాట లోయ్పె అని విడివిడిగా, ఏది ఏ సందర్భానికో చెబుతూ ఇచ్చారు. ఇక్కడి చలికాలంలో ఈ చివరి మాట రోజూ వినబడుతుంది.

నార్వేజియన్‌కు ఉన్న రెండు రాత రూపాల్లో, ఈ పుస్తకంలో ఉన్నది బూక్మోల్ మాత్రమే. బెర్గెన్ ఉన్న వెస్ట్‌లాండ్ ప్రాంతీయ ప్రభుత్వం రెండో రూపమైన నీనోర్స్క్‌లో రాస్తుంది కనుక, పరుగుకు ఆ రూపంలో విరివిగా వాడే 'స్ప్రింగె' ఉండవలసింది. బెర్గెన్ విశ్వవిద్యాలయమూ నార్వే భాషా మండలీ ఆన్‌లైన్‌లో ఉచితంగా అందించే నిఘంటువుల్లో రెండు రూపాలూ, వాడుక ఉదాహరణలూ దొరుకుతాయి. అయితే వివరణలన్నీ నార్వేజియన్‌లోనే ఉంటాయి కనుక, తొలి నెలల్లో అవి కొరుకుడుపడవు. అందుకే ఈ జేబు పుస్తకాన్ని ఇంకా పారేయలేదు. 'రన్' ఉన్న పుట అంచుల్లో పెన్సిల్‌తో నడుచు, పారు, కారు, నడుపు, నిలబడు అని తెలుగులో రాసుకున్నాను.