“ఇంజన్ కొత్తగా కట్టాం” అని అమ్మే పాత చైన్‌సాలతో జాగ్రత్త

ఒకసారి సీజ్ అయిన, అంటే పిస్టన్ లోపల పట్టేసిన చైన్‌సాలో (చెట్లు కోసే మోటారు రంపం) పిస్టన్ ఒక్కటి మార్చి, అది ఎందుకు సీజ్ అయిందో చూడకుండానే “ఇంజన్ కొత్తగా కట్టాం” అని చెప్పి అమ్మిన మిషన్‌ను నేను ₹14,000 పెట్టి కొన్నాను. నాలుగో రోజునే అది మళ్లీ పట్టేసింది. పాత మిషన్ కొనాలనుకుంటున్న తోటి రైతులు డబ్బు ఇచ్చేముందు దీన్ని చదవాలని కోరుతున్నాను.

మా మామిడి తోట నూజివీడు దగ్గర ఉంది. కోతలు ముగిశాక పాత చెట్ల కొమ్మలు తీయించడం ఏటా ఉండే పని. ఈసారి మిషన్‌తో వచ్చే మనిషి సమయానికి దొరకకపోవడంతో, సొంతంగా ఒకటి ఉంటే మంచిదనుకుని పాత మిషన్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. పేరున్న కంపెనీ మిషన్ చూపించారు. తాడు రెండుసార్లు లాగగానే స్టార్ట్ అయింది, చప్పుడు బాగుంది, ప్లగ్ కొత్తది. నేను చూసింది అంతవరకే.

రెండు రోజులు బాగానే కోసింది. మూడో రోజు, యాక్సిలరేటర్ వదిలేసిన తర్వాత కూడా ఇంజన్ వేగం వెంటనే దిగకుండా కాసేపు పైనే నిలిచి, మెల్లగా తగ్గడం గమనించాను. కార్బురేటర్ స్క్రూ కాస్త తిప్పితే సరిపోతుందని అనుకోవడం నా పొరపాటు. ఎక్కడి నుండో లోపలికి అదనపు గాలి పోతోందని ఇంజన్ చెబుతున్న మాట అది. ఆ క్షణమే పని ఆపవలసింది. మర్నాడు ఒక లావుపాటి కొమ్మ సగం తెగేసరికి వేగం ఉన్నట్టుండి పెరిగి, ఇంజన్ ఆగిపోయింది. తాడు అంగుళం కూడా కదలలేదు.

తాడు కదలనంత మాత్రాన ఇంజన్ సీజ్ అయిందని తేల్చకూడదు. సిలిండర్‌లో పెట్రోలు నిండిపోయినా పిస్టన్ పైకి రాలేక తాడు బిగుసుకుంటుంది. ప్లగ్ తీసి లాగితే ఆ పెట్రోలు చిమ్మిపోయి ఇంజన్ తిరుగుతుంది. అప్పటికీ తిరగకపోతే స్టార్టర్ కవరు విప్పి మ్యాగ్నెట్‌ను (దాని వెనుక ఉండే ఇంజన్ చక్రం) చేత్తో తిప్పి చూడాలి, ఎందుకంటే లోపం ఒక్కోసారి స్టార్టర్‌లోనే ఉంటుంది. నా మిషన్‌లో ఈ రెండూ కావు. సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూస్తే, నునుపుగా మెరవవలసిన పిస్టన్ పక్క భాగం నిలువు గీతలతో చెక్కినట్టుంది; రింగు కరిగిన అల్యూమినియంలో కూరుకుపోయి కదలడం లేదు.

దుకాణం వారు చెప్పిన జవాబు ఒక్కటే: “మీరు ఆయిల్ కలపకుండా పెట్రోలు పోశారు.” ఈ మాటను ఊరికే కొట్టివేయలేం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కూ బేరింగులకూ పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే ఆధారం. గొలుసు కోసం పోసే ఆయిల్ ట్యాంకుకు ఇంజన్ లోపలి భాగాలతో సంబంధం లేదు. కానీ నేను కంపెనీ చెప్పిన 50:1 లెక్కన, అంటే లీటరుకు 20 మి.లీ. చొప్పున కొలిచి కలిపాను. ఆయిల్ లేని పెట్రోలుతో నడిచిన ఇంజన్‌లో క్రాంక్ గది (పిస్టన్ కింద ఇరుసు తిరిగే గది), బేరింగులు ఎండిపోయి కనిపిస్తాయి. విప్పినప్పుడు నా మిషన్‌లో అవి జిడ్డుగా, తడిగా ఉన్నాయి.

అసలు కారణాన్ని పట్టుకున్నది హనుమాన్ జంక్షన్‌లోని ఒక మెకానిక్. లూనాల కాలం నుండి టూ స్ట్రోక్ ఇంజన్లు విప్పుతున్న పెద్దాయన. సైలెన్సర్, కార్బురేటర్ ఉండే దారులను రబ్బరు ముక్కలతో మూసి, బీపీ చూసే పరికరం రబ్బరు బంతితో ఇంజన్‌లోకి గాలి కొట్టారు. ముల్లు నిలవకుండా పడిపోతూ వచ్చింది. సబ్బు నీళ్లు పూస్తే మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ (ఇరుసు చుట్టూ గాలి పోకుండా ఉండే రబ్బరు రింగు) దగ్గర బుడగలు వచ్చాయి. వేలితో నొక్కితే ఆ సీల్ పెంకులా గట్టిగా ఉంది. అక్కడి నుండి గాలి లోపలికి పోతే పెట్రోలు పాలు తగ్గుతుంది, దానితోపాటు ఆయిల్ పాలూ తగ్గుతుంది, వేడి పెరిగి పిస్టన్ వ్యాకోచించి గోడకు అంటుకుంటుంది. ముందున్న యజమాని దగ్గర కూడా మిషన్ ఇందుకే సీజ్ అయి ఉంటుందని ఆయన అభిప్రాయం, అందులో నాకు సందేహం లేదు. గాలి కొట్టి చూడటంతో ఆగకుండా, గాలి లాగి కూడా పరీక్షించాలని ఆయన ప్రత్యేకంగా చెప్పారు. లోపలి ఒత్తిడి సీల్ పెదవిని బిగించి కొన్నిసార్లు లీకును దాచేస్తుందట.

దుకాణం వారు చేసిన రెండో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాత మోపెడ్లలో ఇనుప బోరు (సిలిండర్ లోపలి గొట్టం) ఉండేది, అరిగితే బోరింగ్ చేయించి, అంటే లోపల చెక్కించి వెడల్పు చేయించి, పెద్ద పిస్టన్ వేసేవారు. ఇలాంటి చైన్‌సా సిలిండర్ అల్యూమినియంతో చేసినది. లోపలి గోడకు చాలా పలుచని గట్టి పూత మాత్రమే ఉంటుంది. దానికి బోరింగ్ లేదు. మొదటిసారి గోడకు అంటుకున్న అల్యూమినియాన్ని తీయడానికి వీరు గరుకు ఎమరీ పేపరు వేసి రుద్దారు. పూత బాగుంటే, బాత్‌రూము కడిగే యాసిడ్‌ను దూదిపుల్లతో ఆ మరక మీద మాత్రమే అద్ది, చేతికి తొడుగులు వేసుకుని, మిగతా అల్యూమినియానికి తగలకుండా తీసి, వెంటనే నీళ్లతో కడగవచ్చు. మేమూ ప్రయత్నించాం. మరక పోయాక గోరు ఆనిస్తే తగిలేంత లోతు గీతలు, పూత లేచిపోయిన మచ్చ కనిపించాయి. కాబట్టి సిలిండర్, పిస్టన్ కిట్ మొత్తం కొనవలసి వచ్చింది. సీళ్లు రెండూ, మజూరీ కలిపి ₹4,300 అయింది. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు పెట్టడం, ప్రతి రింగు చివరలు పిస్టన్ గాడిలోని చిన్న మేకుకు సరిగ్గా కూర్చోబెట్టడం, పిస్టన్ పిన్నును పట్టి ఉంచే పాత సర్‌క్లిప్పులు మళ్లీ వాడకపోవడం, మూసే ముందు మళ్లీ గాలి పరీక్ష చేయడం, ఇవన్నీ ఆయన నా కళ్లముందే చేశారు.

కొనేటప్పుడు సైలెన్సర్ విప్పి చూపించమనండి. రెండు మూడు బోల్టుల పని, ఐదు నిమిషాలు పట్టదు. పిస్టన్ ఒక్కటి మాత్రం కొత్తగా ఉండి, కనిపించినంత మేర సిలిండర్ గోడ మీద అడ్డదిడ్డంగా గీకిన గుర్తులుంటే ఆ మిషన్ వద్దు. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి మీద 120 పీఎస్ఐ దాటితే మంచిదే, 100 కంటే తక్కువైతే అనుమానించాలి. అయితే కొత్త పిస్టన్, రింగులు వేసిన నా మిషన్ కూడా ఆ రోజు గేజి మీద బాగానే చూపించి ఉండేది. అందుకే ఇంజన్‌ను వేడెక్కనిచ్చి, రేజింగ్ ఇచ్చి వదిలి వేగం వెంటనే దిగుతుందో లేదో చూడండి. గొలుసు ఆగి ఉన్నప్పుడు, బ్రేకు వేసి, మిషన్‌ను ఇటూ అటూ వంచండి. వంచినప్పుడల్లా వేగం మారుతుంటే గాలి లీకు ఉన్నట్టే అనుకోండి. మొదటిసారి ఎందుకు సీజ్ అయింది, సీళ్లు మార్చారా అని అడిగి, ఆ జవాబును బిల్లు మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు, అందుకే మూడుసార్లు తిరిగితే వారు ₹1,500 మాత్రం చేతిలో పెట్టి పంపించారు.

గట్టిపడిన ఆ సీల్, గీతలు పడిన పిస్టన్, సిలిండర్ నా దగ్గరే ఉంచాను. మా వైపు ఎవరైనా ఇలాంటి మిషన్ బేరం చేస్తుంటే, ముందు వచ్చి వీటిని చూసి వెళ్లవచ్చు.