ఏప్రిల్‌లో స్మోకీ మౌంటెన్స్: అమ్మానాన్నలతో నాలుగు రోజులు

అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడల్లా నయాగరా, న్యూయార్క్‌తోనే సెలవులు అయిపోయేవి. ఈసారి వాళ్ళు మార్చిలో వచ్చారు. అందుకని ఏప్రిల్ రెండో వారంలో, నార్త్ కరోలినా, టెనెసీ రాష్ట్రాల సరిహద్దు కొండల్లో ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి తీసుకెళ్ళాం. నాన్నకి 72 ఏళ్ళు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మా బాబుకి ఏడేళ్ళు. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

మేముండేది షార్లెట్‌లో. నార్త్ కరోలినా వైపు నుంచి, చెరోకీ ఊరి మీదుగా పార్కులోకి వెళ్ళాం. నా సలహా కూడా అదే. చెరోకీలో వీధుల పేర్లు ఇంగ్లీషుతో పాటు, ఇక్కడి ఆదివాసులైన చెరోకీల లిపిలోనూ ఉంటాయి. సెక్వోయా అనే ఆయన సుమారు రెండు వందల ఏళ్ళ కిందట తయారు చేసిన లిపి అది, ఒక్కో గుర్తుకి ఒక్కో అక్షరధ్వని. "మన క, కా, కి లాగే కదా" అని అమ్మ ఆ బోర్డులు చూస్తూ కూర్చుంది. ఊరు దాటగానే ఓకొనలఫ్టీ విజిటర్ సెంటర్ వస్తుంది. పక్క మైదానంలో సాయంత్రం ఎల్క్ అనే జింకలు మేస్తున్నాయి. మన కణుజు కంటే పెద్దవి. ఇక్కడ పూర్తిగా అంతరించిపోతే 2001లో మళ్ళీ తెచ్చి వదిలారట. బాబు కారు అద్దానికి ముక్కు ఆనించి అరగంట అలాగే చూశాడు.

పార్కుకి ఎంట్రీ ఫీజు లేదు. అయితే 2023 మార్చి నుంచి ఎక్కడైనా 15 నిమిషాలకు మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ తప్పనిసరి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. మూడు రోజులు ఉండేటట్టయితే వారం ట్యాగే తీసుకోండి, ఖర్చు అంతే, రోజూ కొనే పని తప్పుతుంది. ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరు, కాగితం కారులో కనపడేలా పెట్టాలి.

కొండ మధ్యలో న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర ఆగాం. ఎత్తు 5,046 అడుగులు. ఒక కాలు నార్త్ కరోలినాలో, ఇంకో కాలు టెనెసీలో పెట్టి అందరూ ఫోటో దిగుతారు, మేమూ దిగాం. ఏప్రిల్ అయినా చలి గాలి కోసేస్తోంది. కింద రెడ్‌బడ్, డాగ్‌వుడ్ చెట్లు విరగబూసి ఉంటే, పైన కొమ్మలకి ఇంకా చిగుళ్ళు కూడా లేవు. ఇక్కడ వసంతం లోయలో మొదలై మెల్లగా కొండెక్కుతుంది. స్వెట్టర్లు సూట్‌కేసులో కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి.

అక్కడి నుంచి కువోహీ శిఖరానికి వెళ్ళాం. ఎత్తు 6,643 అడుగులు. మొన్నమొన్నటిదాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. చెరోకీ ప్రజల కోరిక మేరకు 2024 సెప్టెంబర్‌లో పాత పేరు తిరిగి పెట్టారు. ఆ రోడ్డు చలికాలమంతా మూసి ఉంచి ఏప్రిల్ 1న తెరుస్తారు. పార్కింగ్ నుంచి శిఖరం మీది టవర్ దాకా దారి అర మైలే, తారు రోడ్డే. కానీ నిటారుగా ఎక్కాలి. అమ్మ పదడుగులు వేసి ఆగిపోయింది. వీల్‌చైర్‌కి కూడా అనువైన దారి కాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని బలవంతపెట్టకండి, పార్కింగ్ దగ్గరి నుంచే కొండల వరసలు చక్కగా కనిపిస్తాయి.

బస విషయంలో మొదట పొరపాటు చేశాం. కార్లో వెళ్ళే హోటళ్ళేవీ పార్కు లోపల లేవు. లోపలున్న ఒకే ఒక్క లాడ్జి లికాంట్ కొండ మీద ఉంది, అక్కడికి మైళ్ళకి మైళ్ళు నడిచే వెళ్ళాలి. అందుకని పార్కు బయట, టెనెసీ వైపున్న గాట్లిన్‌బర్గ్‌లో రెండు రాత్రులకి ఒక హోటల్ బుక్ చేశాం. నది కనిపించే గది అని అదనంగా డబ్బు తీసుకున్నారు. కిటికీ తెరిస్తే కార్లు, కార్ల వెనక గోడ. అడిగితే గదులు నిండిపోయాయన్నారు. వీధిలో అర్ధరాత్రి దాకా బైకుల మోత, అమ్మకి నిద్ర పట్టలేదు. పిల్లలకి ఆటలు, షాపులు కావాలంటే ఆ ఊరు బాగుంటుంది. పెద్దవాళ్ళతో అయితే వద్దు.

మిగతా రెండు రాత్రులు అటువైపే ఉన్న టౌన్‌సెండ్ అనే ఊళ్ళో, లిటిల్ రివర్ ఒడ్డున చిన్న క్యాబిన్ తీసుకున్నాం. అద్దె హోటల్ కంటే కాస్త ఎక్కువే, కానీ వంటగది ఉంది. పొద్దున్నే ఉప్మా, కాఫీ, వరండాలోంచి నీళ్ళ చప్పుడు. అమ్మ సంతోషం చూశాక మొత్తం నాలుగు రాత్రులూ ఇక్కడే తీసుకోవాల్సింది అనిపించింది.

తిండి ముందే చూసుకోవాలి. పార్కు లోపల హోటళ్ళు, పెట్రోల్ బంకులు లేవు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. పులిహోర, దద్దోజనం కట్టుకుని మెట్‌కాఫ్ బాటమ్స్ పిక్నిక్ ఏరియాకి వెళ్ళాం. నది పక్కనే బల్లలు, బాత్రూమ్‌లు ఉన్నాయి. తిన్నాక చిన్న మెతుకు కూడా వదలకుండా ఎత్తాలి. ఎలుగుబంట్లు చలికాలపు నిద్ర లేచి ఆకలి మీద తిరిగే కాలం ఇది. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపేయాల్సి వస్తుంది. వాటికి 50 గజాల దూరంలో ఉండాలని రూలు.

ఇంకో మాట. పిల్లలు నదిలో రాళ్ళు పేర్చడం మొదలుపెడితే ఆపండి. మా బాబూ పేర్చబోతుంటే అటుగా వచ్చిన రేంజర్ మోకాళ్ళ మీద కూర్చుని వాడికి ఓపిగ్గా చెప్పింది. ఈ పార్కులో ముప్పై రకాల సాలమాండర్లున్నాయి, అవి బల్లిలా కనిపించినా కప్పల్లాగే ఉభయచర జీవులు. హెల్‌బెండర్ అనే రకమైతే రెండడుగుల దాకా పెరుగుతుంది, నదిలో పెద్ద రాళ్ళ కిందే గుడ్లు పెడుతుంది. రాయి కదిలితే దాని ఇల్లు పోయినట్టే. వాడు ఒక్కో రాయినీ తీసినచోటే పెట్టేశాడు.

కేడ్స్ కోవ్ లూప్ అంటే ఒక లోయ చుట్టూ కారులో తిరిగొచ్చే రోడ్డు, 11 మైళ్ళు. అందరూ చూసి తీరాలంటారు. మేము పదిన్నరకి వెళ్ళి మూడు గంటలు కార్ల వరసలో ఇరుక్కున్నాం. వెళ్తే తెల్లవారగానే వెళ్ళండి.

నాలుగు రోజుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పార్కులో గ్రీన్‌బ్రయర్ అనే చోట ఉన్న పోర్టర్స్ క్రీక్ ట్రెయిల్. మొదటి మైలు వెడల్పాటి కంకర దారి, ఏటి పక్కనే. అమ్మ కర్ర సాయంతో, ఆగి ఆగి, మైలంతా నడిచింది. ఇంకాస్త ముందుకెళ్ళి దుంగ వంతెన దాటితే నేలంతా తెల్లటి ఫసీలియా పూలు, మంచు పడిందేమో అన్నట్టు. ఏప్రిల్‌లో కొన్ని వారాలే ఉంటాయి.

ఆ దారి పొడవునా అడవిలో పాత రాతి గోడలు కనిపిస్తాయి. పార్కు కోసం ఇక్కడి కుటుంబాలని ఖాళీ చేయించారు. నాన్న పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఆయన ఒక గోడ దగ్గర ఆగి, రాళ్ళ మీద చెయ్యి పెట్టి, "ఇది పశువుల దొడ్డి అయ్యుంటుంది" అన్నారు. చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు. మేమూ తొందరపెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఏటి గట్టున కూర్చుని, వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనక ఏముండేదో బాబుకి మొదటిసారి చెప్పారు.