నిలదీసిన రామదాసు, సందేహించిన గజేంద్రుడు

కష్టంలో ఉన్నవాళ్లకు ‘నమ్మకం ఉంచండి’ అని చెప్పడం తేలికే. ఆ నమ్మకం ఎలా ఉంటుందో చూపేవి మాత్రం నాకు ఈ రెండు కథలే.

భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడినందుకు కంచర్ల గోపన్న, అంటే రామదాసు, గోల్కొండ జైలులో దాదాపు 12 ఏళ్లు మగ్గాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని రాముడికే లెక్క అప్పజెప్పాడు. ‘ఎవరబ్బ సొమ్మని’ తిట్టాడు. వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని బతిమాలాడు. పరాయివాళ్లతో ఇలా పోట్లాడం. ఆ చనువే అతని భక్తి.

పోతన భాగవతంలోని ఏనుగు గజేంద్రుడిది వేరే దారి. మొసలితో వెయ్యేళ్లు సొంత బలంతోనే పెనుగులాడాడు. ఒంట్లో శక్తి అయిపోయాక కూడా ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని అనుమానపడ్డాడు. ఆ అనుమానంతోనే దేవుణ్ణి పిలిచాడు.

అన్యాయం జరిగిందని రగిలిపోయేవాళ్లకు రామదాసు దగ్గరవాడు. కానీ ఆసుపత్రి వరండాలో రిపోర్టు కోసం టెన్షన్‌గా కూర్చుని, దేవుడున్నాడా అనుకునేవాళ్లకు నేను గజేంద్రుణ్ణే గుర్తుచేస్తాను. పూర్తి నమ్మకం కుదిరాకే మొక్కాలని అతని కథ అడగదు.