మందను చూసే డ్యూటీ: రోజుకొకరా, వారానికొకరా?

కొత్తగా చేరే వాలంటీర్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నాకు ఏ రోజు ఇస్తారు?" రోజు కాదండీ, వారం మొత్తం మీదే అంటే మొహం మారిపోతుంది. రక్షిత ప్రాంతంలో మేసే ఆవుల మందను ఏడుగురు తలా ఒక రోజు చూడడం మేలా, ఒకరే వరసగా ఏడు రోజులు చూసి ఇంకొకరికి అప్పగించడం మేలా? మేం 3 ఏళ్లు మొదటి పద్ధతిలో నడిపి, పోయిన ఏడాది రెండోదానికి మారాం.

తలా ఒక రోజు పద్ధతిలో సుఖం ఉంది. ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా రాగలరు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు సర్దుకుంటారు, విసుగు పుట్టదు. తలలు లెక్కపెట్టడం, తొట్టిలో నీళ్లు చూడడం, కంచె తెగిందేమో చూడడం లాంటి పనులకు ఇది చక్కగా సరిపోతుంది. మందలో 27 ఉన్నాయో లేదో చెప్పడానికి నిన్నటి సంగతి తెలియనక్కర్లేదు.

చిక్కల్లా జబ్బుతోనే. ఆవు నొప్పిని అంత సులువుగా బయటపెట్టదు. మనకు కనపడేదల్లా మార్పు. రోజూ ముందు నడిచేది వెనకబడుతుంది. మందంతా లేచి మేతకు కదిలినా ఒకటి పడుకునే ఉంటుంది. ఎడమ డొక్క నిన్నటికంటే లోతుగా కనపడుతుంది, మేత తగ్గితే ముందు తెలిసేది అక్కడే. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు 7-8 గంటలు నెమరు వేస్తుంది. మీరు చూసిన అరగంటలో ఒకటి నెమరు వేయకపోతే కంగారు పడాల్సిందేం లేదు. నిన్నా అంతే, మొన్నా అంతే అయితే మాత్రం ఆలోచించాలి. ఆ నిన్నా మొన్నా ఎవరి కళ్లలో ఉన్నాయన్నదే నా లెక్కలో అసలు విషయం.

మా రిజిస్టరులో ఒక పేజీ ఉంది. నుదుట తెల్లచుక్క ఉన్న పెయ్య గురించి సోమవారం రాత: "కొంచెం కుంటుతోంది." మంగళవారం ఇంకొకరి రాత: "కొంచెం కుంటుతోంది." బుధవారం మూడో చేతిరాతలో అదే మాట. ముగ్గురూ నిజమే రాశారు. కానీ ఎవరి కొంచెం ఎంతో ఎవరికి తెలుసు? సోమవారం రాళ్ల బాట మీద మాత్రమే తల ఊపుతూ నడిచిన పెయ్య గురువారానికి కాలు నేలకు ఆనించడం లేదు. గిట్టల మధ్య వాపు, దగ్గరికెళ్తే వాసన. ఆ మూడు రోజులూ ఒకే మనిషి చూసి ఉంటే మంగళవారమే పశువుల డాక్టరుకు ఫోన్ వెళ్లేది.

పైగా ఇలాంటి రక్షిత ప్రాంతాల్లో ముందుజాగ్రత్తగా మందంతటికీ నట్టల మందు పోయకుండా ఉండాలని చూస్తారు. ఐవర్‌మెక్టిన్ లాంటి నట్టల మందులు పేడలోకి దిగి పేడపురుగులను దెబ్బతీస్తాయి. కాబట్టి ఏ పశువుకు మందు అవసరమో ఏరి చెప్పాలి. ఆ ఏరడంలో సగం పని చూసే కళ్లదే.

వారం పద్ధతికీ ఒక పెద్ద లోపం ఉంది. రోజూ చూసే కళ్లకు చిక్కిపోవడం కనపడదు. నా వారంలోనే ఒక ముసలి ఆవును ఏడు రోజులూ చూసి "బాగుంది" అని రాశాను. తర్వాతి వారం తీసుకోవడానికి వచ్చినావిడ చూస్తూనే, "ఇదేంటండీ, తోక మొదట్లో ఇంత గుంట పడింది?" అంది. సిగ్గేసింది. అప్పటినుంచి ఆదివారం రౌండుకు ఇద్దరూ కలిసి నడవాలని పెట్టుకున్నాం. దిగిపోయేవాళ్లు మారినవేంటో చూపిస్తారు, ఎక్కేవాళ్లు కొత్తగా చూస్తారు. ఈ ఒక్క గంట లేకపోతే వారం పద్ధతిని నేను కూడా సమర్థించను.

మెడకు జీపీఎస్ పట్టీలు పెడితే సరిపోదా అని కూడా అడుగుతుంటారు. పొదల్లో మందను వెతికే టైమ్ మిగులుతుంది, మంచిదే. కానీ ఒక కన్ను మూసుకుని నీళ్లు కారుస్తున్న ఆవు సంగతి పట్టీ చెప్పదు. డ్రోన్లకు మంద బెదరొచ్చు, గూళ్లు పెట్టిన పక్షులూ బెదరొచ్చు. వాటి జోలికి వెళ్లలేదు.

వారం మొత్తం రాలేనివాళ్లకు 4 రోజులు, 3 రోజులుగా విడగొట్టి ఇస్తున్నాం. 3 కంటే తగ్గించం. ఈనే రోజుల్లో మాత్రం విడగొట్టడం కూడా లేదు. చూడి ఆవు మందను వదిలి పక్కకు పోయి ఈనుతుంది, దూడను గడ్డిలో దాచి మేతకు వెళ్తుంది. ఒక్క రోజుకు వచ్చినవాళ్లు ఒంటరిగా తిరిగే ఆవును, నిండిన పొదుగును చూసి దూడ పోయిందని టెన్షన్ పడి వెతుకులాట మొదలెడతారు. నిన్న సాయంత్రం ఆ రెల్లు పొద పక్కన రెండు చెవులు చూసినవాళ్లు దూరం నుంచే చూసి, రిజిస్టరులో రాసుకుని వచ్చేస్తారు.