25 కిలోల నిమ్మ ఉప్పు బస్తా: బానెట్, మడ్‌గార్డుల తుప్పుకు ఎంతవరకు పనికొస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో పాత బండి విప్పగానే వినిపించే మొదటి సలహా "బ్లాస్టింగ్‌కి పంపించెయ్యండి సార్". అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి తుప్పు రాల్చడం. జీపు చాసిస్‌కు, యాక్సిల్ హౌసింగ్‌కు అది సరైన సలహానే. అంబాసిడర్ బానెట్, మడ్‌గార్డు, డిక్కీ మూత మాత్రం పంపొద్దు. లారీ చాసిస్‌కు వాడే ఒత్తిడితోనే స్లాగ్ (లోహం కరిగించాక మిగిలే చిట్టెపు రేణువులు) కొడితే మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే రేకు తట్టుకోలేదు. వేడికి వంకరపోయిందని అంటుంటారు గానీ, అసలు కారణం రేణువుల దెబ్బ. దెబ్బ తగిలిన వైపు రేకు సాగి, మొత్తం ముక్క ఉబ్బుతుంది. ఒకసారి సాగిన రేకును టింకరింగ్ మేస్త్రి ఎంత మంచివాడైనా పూర్తిగా వెనక్కి తేలేడు. లప్పం కిందే దాచాలి.

పలచటి రేకుకు మేం సిఫార్సు చేసేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్టు చిన్న పొట్లాలు గిట్టవు. వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో 25 కిలోల బస్తా అడగండి.

ఇటుకలు పేర్చి, మందపాటి టార్పాలిన్ పరిచి 5 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు తొట్టి కట్టండి. 9 అంగుళాల లోతుకు దాదాపు 480 లీటర్ల నీళ్లు పడతాయి. బస్తా మొత్తం కరిగించాక 10 కిలోల వాషింగ్ సోడా గుప్పెడు గుప్పెడుగా వెయ్యండి. ఒక్కసారే గుమ్మరిస్తే నురగ పొంగి తొట్టి దాటుతుంది. ఈ సోడాను చాలామంది దండగ అనుకుని వదిలేస్తారు. అది లేకపోతే ద్రావణం తుప్పుతో ఆగకుండా మంచి ఇనుమును కూడా తింటుంది. పీహెచ్ పేపరు (ద్రావణంలో యాసిడ్ ఘాటు చూపే కాగితం) 4, 5 మధ్య చూపిస్తే చాలు. చివర్లో పాత్రలు తోమే లిక్విడ్ కాస్త కలిపితే తుప్పు సందుల్లోకి బాగా దిగుతుంది.

రంగు, గ్రీజు, అండర్‌కోటింగ్ (బండి అడుగున పూసే మందపాటి పూత) ముందే తీసెయ్యాలి. నిమ్మ ఉప్పు తుప్పునే కరిగిస్తుంది, జిడ్డును ముట్టుకోదు. జింక్ పూత ఉన్న ముక్కలు, అల్యూమినియం బీడింగులు, స్ప్రింగులు తొట్టిలో వెయ్యొద్దు. ముక్క పూర్తిగా మునగాలి. సగం తేలితే నీటి గీత దగ్గర చార పడుతుంది. ఎండాకాలంలో ఒక పగలూ రాత్రీ, చలికాలంలో రెండు రోజులు పడుతుంది. ఆరు గంటలకోసారి తీసి నైలాన్ బ్రష్‌తో రుద్ది చూడండి. తుప్పు పోయాక కూడా వదిలేస్తే రేకు నల్లబడి గరుకెక్కుతుంది.

అంబాసిడర్ ముందు మడ్‌గార్డు వంపు ఈ లోతులో మునగదు. దానికి కూలర్ మోటారు ఉత్తమం. మడ్‌గార్డును ప్లాస్టిక్ టబ్బు మీద నిలబెట్టి, 50 లీటర్ల నీళ్లలో రెండున్నర కిలోల నిమ్మ ఉప్పు, కిలో సోడా కలిపి, పైపుకు చిల్లులు పెట్టి పైనుంచి ధార పారేలా చెయ్యండి. పైన ప్లాస్టిక్ షీటు కప్పాలి, లేదంటే ధార తగలని చోట ఆరి మచ్చలవుతాయి. టబ్బులో మట్టం తగ్గితే, ఆవిరైపోయేది నీళ్లే కాబట్టి మామూలు నీళ్లు పోస్తే సరిపోతుంది. మోటారు ఆపి ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టండి.

ఇక లోపం. డోర్ల విషయంలో దీనికి మేం మంచి మార్కులు వెయ్యలేం. డోరు అంచున బయటి రేకు లోపలి రేకు మీదికి మడిచి ఉంటుంది. ఆ మడతలోకి దూరిన యాసిడ్ కడిగినా పూర్తిగా రాదు. రంగు వేశాక కొన్ని నెలలకు అంచు పొడవునా బుడగలు లేస్తాయి. తప్పనిసరైతే ప్రెషర్ వాషర్‌తో మడతలోకి కొట్టి, లీటరుకు 20 గ్రాముల వంట సోడా కలిపిన నీళ్లలో గంట ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. సోడా మిగిలిపోయినా ప్రైమర్ కింద బుడగలే.

కడిగిన తర్వాత అసలు పరుగు మొదలవుతుంది. కృష్ణ ఒడ్డు ఊరు, గాలిలో తేమ. తడి రేకు నిమిషాల్లో పసుపురంగు తిరుగుతుంది. గుడ్డతో తుడిచి, కంప్రెసర్ గాలితో సందులు ఊది, ఎండలో పెట్టి, 180 నంబరు శాండ్ పేపరు తిప్పి, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు టూ ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వారాలు వదిలేస్తే తేమ దూరి పని మొదటికొస్తుంది. వానాకాలం ముసురులో అసలు మొదలుపెట్టొద్దు.

తుప్పు తిన్న చోట రేకు జల్లెడలా కనిపిస్తే బస్తాను తిట్టకండి. ఆ చిల్లులు ముందే ఉన్నాయి, తుప్పు పెచ్చు వాటిని కప్పి ఉంచింది. అక్కడ కోసి కొత్త రేకు వెల్డ్ చెయ్యాల్సిందే.

ఒక తొట్టి నాలుగైదు ముక్కలకు వస్తుంది. ద్రావణం ముదురు రంగుకు మారి పని నెమ్మదిస్తే మార్చండి. పాత నీళ్లను మాత్రం బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో పారబోయొద్దు. పాత రంగు పొడిలో సీసం ఉండొచ్చు. తొట్టిలోనే ఎండలో ఆరనిచ్చి, అడుగున మిగిలిన బురదను మూత ఉన్న డబ్బాలోకి ఎత్తి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి.