రిమోట్ డెస్క్‌టాప్ కోసం సెకండ్ హ్యాండ్ పీసీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందే ఇవి చూడండి

"ఆఫీసు పనికి రెడీ, రిమోట్ డెస్క్‌టాప్ పనిచేస్తుంది" అని చెప్పి విండోస్ హోమ్ (ఇంటి వాడకానికిచ్చే ఎడిషన్) ఉన్న పాత పీసీలు అంటగడుతున్నారు. రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఒక పీసీని ఇంకో మెషీన్ నుంచి నెట్‌వర్క్ ద్వారా తెరిచి వాడుకోవడం. ఇంటికి తెచ్చాక లాగిన్ కాదు. ఫోన్ చేస్తే "మీ రౌటర్‌లో ప్రాబ్లం, నెట్ వాళ్లని అడగండి" అంటారు. నమ్మకండి. హోమ్ నుంచి వేరే మెషీన్‌లోకి వెళ్లొచ్చు గానీ, రిమోట్ డెస్క్‌టాప్‌తో హోమ్‌లోకి రావడం కుదరదు. దానికి ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్‌లలో ఏదో ఒకటి ఉండాలి. రౌటర్ మార్చినా ఫలితం లేదు.

పరీక్ష ఆ పీసీ మీదే చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) నెట్‌స్టాట్ కొట్టి, దాని పక్కన స్పేస్, హైఫన్, ఏ ఎన్ అక్షరాలు ఇవ్వండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (కనెక్షన్ వచ్చే దారి) ఎదురుగా 'లిజనింగ్' అని ఉందా? లేకపోతే ఆ సర్వీసు నడవడం లేదన్నమాట. బయట మెషీన్ నుంచి చూసి తేల్చేయొద్దు. మామూలుగా మూసి ఉన్న పోర్టు 'రెఫ్యూజ్డ్' అని వెంటనే తిప్పికొడుతుంది. బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే మాత్రం ఏ జవాబూ ఇవ్వదు, మనకు టైమవుట్ వస్తుంది. అమ్మినవాళ్లకు రౌటర్ మీదకు నెట్టే వీలు దొరికేది ఇక్కడే.

లిజనింగ్ ఉండి కూడా రాకపోతే సెట్టింగుల సంగతి: ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్ ఆఫ్‌లో ఉండటం, పీసీ స్లీప్‌లోకి పోవడం, యూజర్‌కి పాస్‌వర్డ్ లేకపోవడం. సెకండ్ హ్యాండ్ పీసీలు చాలావరకు పాస్‌వర్డ్ లేకుండానే చేతికొస్తాయి. ఖాళీ పాస్‌వర్డ్‌తో రిమోట్ లాగిన్‌ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. పిన్ కూడా పనికిరాదు.

ఇంకో మోసం, 'ప్రో' అని చూపించి దొంగ యాక్టివేషన్ చేయడం. లైసెన్సు వివరాలు చూపే ఎస్‌ఎల్‌ఎంజీఆర్ కమాండ్ పక్కన స్పేస్, స్లాష్, డీ ఎల్ ఐ ఇచ్చి చూడండి. రిటైల్ (విడిగా కొన్న లైసెన్సు) లేదా ఓఈఎం (పీసీతో పాటు వచ్చిన లైసెన్సు) అని రావాలి. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని వస్తే అది కంపెనీలకిచ్చే లైసెన్సు, 180 రోజుల గడువుతో నడిచేది. మీ ఇంటి పీసీలో దానికి పని లేదు. కొందరు హోమ్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ పనిచేసేలా ఆర్డీపీ ర్యాపర్ అనే బయటి సాఫ్ట్‌వేర్ దూరుస్తారు. విండోస్ అప్‌డేట్‌తో రిమోట్ డెస్క్‌టాప్‌ని నడిపే టర్మ్‌ఎస్‌ఆర్‌వీ ఫైలు మారితే అది ఆగిపోతుంది.

ఏడో తరం ఇంటెల్ పీసీ "చవక" అని ఇస్తే ఇంకోసారి ఆలోచించండి. ఒకటీ అరా ప్రాసెసర్లు తప్ప ఆ తరానికి విండోస్ 11 అర్హత లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

"రౌటర్‌లో 3389 ఓపెన్ చేసిపెడతాం" అంటే వద్దనండి. అలా తెరిస్తే ఇంటర్నెట్‌లో ఎవరైనా ఆ పోర్టు మీద దాడికి ప్రయత్నించొచ్చు. 2019లో పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో చొరబడటానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. బయటి నుంచి రావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టుకోండి.

బిల్లు మీద ఎడిషన్, లైసెన్సు రకం రాయించుకోండి. ఇప్పటికే కొనేసి ఉంటే, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హోమ్‌ని ప్రోకి మార్చుకోవచ్చు, డేటా పోదు. ఆ ఖర్చు అమ్మినవాళ్లనే భరించమనండి. కాదంటే బిల్లు, వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.