నిండుగా కుక్కిన డిజైనా, ఖాళీ ఉంచిన డిజైనా: యుద్ధనౌకకూ ఫైటర్ జెట్‌కూ ఏది మేలు?

యుద్ధనౌకల మీదా, ఫైటర్ జెట్ల మీదా వాదన మొదలైతే అది ఎన్ని మిసైళ్లు, ఎంత వేగం, రాడార్‌కు ఎంత దూరం కనిపిస్తుంది అన్న లెక్కల చుట్టూనే తిరుగుతుంది. ఆ లెక్కలు అక్కర్లేదని కాదు. కానీ డిస్ట్రాయర్ (పెద్ద యుద్ధనౌకల్లో ఒక రకం) అన్నాక ముప్పై, నలభై ఏళ్లు సముద్రంలో తిరగాలి. దాన్ని గీసినప్పుడు ఉన్న ప్రమాదం వేరు, అది రిటైరయ్యే నాటికి ఎదురయ్యే ప్రమాదం వేరు. అందుకే రెండు డిజైన్లను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది, కట్టిన రోజున దానిలో ఎంత ఖాళీ మిగిల్చారన్నదే. ఖాళీ అంటే చోటు ఒక్కటే కాదు. వాడకుండా మిగిలిన కరెంటు, పరికరాల వేడిని లాగేసే కూలింగ్ సామర్థ్యం, పైన ఇంకొంత బరువు పెట్టినా ఒరిగిపోని స్థిరత్వం, ఇవన్నీ అందులోకే వస్తాయి.

1975లో స్ప్రూయెన్స్ తరగతి డిస్ట్రాయర్లు అమెరికా నావికాదళంలో చేరడం మొదలైనప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఎనిమిది వేల టన్నుల ఓడ. డెక్ మీద చూస్తే ముందొక గన్, వెనకొక గన్, జలాంతర్గాముల మీదికి వదిలే రాకెట్ లాంచర్ ఒకటి, అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. అదే కాలపు సోవియట్ ఓడల మీద కాలు పెట్టే చోటు లేనంతగా లాంచర్లు ఉండేవి. రెండు ఫొటోలు చూపించి అడిగితే ఎవరైనా సోవియట్ ఓడకే ఓటేసేవారు. పదేళ్లు తిరిగేసరికి లెక్క మారింది. ఆ హల్ (ఓడ ఒడలు) డిజైన్ మీదే, రాడార్‌నూ మిసైళ్లనూ కంప్యూటర్లతో కలిపి నడిపే ఏజిస్ వ్యవస్థను ఎక్కించి టికాండెరోగా క్రూయిజర్లు కట్టారు. మొదటిది 1983లో చేరింది, మొత్తం 27 వచ్చాయి. ఆరో ఓడ నుంచి 122 నిలువు లాంచర్ సెల్స్ (మిసైళ్లను నిలబెట్టి వదిలే గొట్టాలు) పట్టాయి. ఇక అసలు స్ప్రూయెన్స్ ఓడల్లో, 31కి గాను 24 ఓడలకు తర్వాత 61 సెల్స్ అమర్చి టోమహాక్ క్రూయిజ్ మిసైళ్లు ఎక్కించారు. ఖాళీగా ఉందని ఎగతాళి చేసిన చోటే వీటన్నిటికీ సరిపోయింది.

బ్రిటన్ అప్పట్లో దీనికి సరిగ్గా ఎదురుగా వెళ్లింది. టైప్ 42 డిస్ట్రాయర్ల ఖర్చు తగ్గించడానికి హల్ పొడవు కోసేశారు. మొదటి పది ఓడలూ దాదాపు 125 మీటర్లే. లోపల ఇరుకు, కొత్తది పెట్టాలంటే పాతదేదో పీకాలి. చివరి నాలుగింటిని 141 మీటర్లకు సాగదీశారంటే, మొదటి నిర్ణయం మీద కట్టినవాళ్లే తీర్పు చెప్పినట్టు. ఈ తరగతిలో మొదటి ఓడ హెచ్‌ఎంఎస్ షెఫీల్డ్ అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో, 1982 మే 4న ఎక్సోసె మిసైల్ దెబ్బ తిని, 20 మంది ప్రాణాలతో పాటు పోయింది. దానికి పొడవే కారణమని నేననను, ఆ రోజు జరిగిన పొరపాట్లు వేరే ఉన్నాయి. కానీ ఓడలో ఉక్కు రేకు చవక, లోపలి గాలికి ధర లేదు అని నౌకా ఇంజనీర్లు ఊరికే అనరు. ఓడ ఖర్చులో పెద్ద వాటా రాడార్లకూ ఆయుధాలకూ కంప్యూటర్లకూ పోతుంది. హల్‌లో పదిహేను మీటర్లు కోసి మిగిల్చేది తక్కువ, తర్వాత నలభై ఏళ్లూ దానికి కట్టే వడ్డీ ఎక్కువ.

అయితే ఓడ పెద్దదైతే చాలదు. బ్రిటన్ తర్వాతి డిస్ట్రాయర్ టైప్ 45 చూడండి. మొదటిది 2009లో చేరింది. రాడార్ అద్భుతం, గాల్లోంచి వచ్చే దాడిని ఆపడంలో ప్రపంచంలోనే మేటి ఓడల్లో ఒకటి. మోటార్లు కూడా విద్యుత్తుతోనే తిరుగుతాయి కాబట్టి ఓడకు కరెంటే ప్రాణం. ఆ కరెంటులో ఎక్కువ భాగం రెండు డబ్ల్యూఆర్-21 గ్యాస్ టర్బైన్ల నుంచి వస్తుంది. ఇంధనం ఆదా చేయడానికి ఈ టర్బైన్‌లోకి వెళ్లే గాలిని మధ్యలో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఒకటి, పొగ వేడిని తిరిగి వాడుకునే రికూపరేటర్ ఒకటి పెట్టారు. కాగితం మీద చక్కటి ఆలోచన. గల్ఫ్ లాంటి వెచ్చటి నీళ్లలోకి వెళ్లేసరికి ఈ ఏర్పాటు తట్టుకోలేకపోయింది. టర్బైన్ ఆగితే భారమంతా రెండు చిన్న డీజిల్ జనరేటర్ల మీద పడుతుంది. అవి మోయలేక ఆగిపోయేవి. అంతే, లైట్లు పోతాయి, రాడార్ పోతుంది, ప్రొపెల్లర్ ఆగుతుంది. దాదాపు వంద కోట్ల పౌండ్ల ఓడ నీళ్ల మీద ఊరికే తేలుతూ ఉంటుంది. ఇప్పుడు ఒక్కో ఓడను డాక్‌లోకి తెచ్చి రెండు డీజిళ్లు తీసి మూడు పెద్దవి పెడుతున్నారు. మొదట్లోనే ఒక జనరేటర్ ఎక్కువ పెట్టి ఉంటే ఈ ఓడ పేరు మరోలా వినిపించేది. 12 కట్టాలనుకుని ఆరే కట్టారు. వాటిలోనూ ఏళ్ల తరబడి కొన్ని ఒడ్డునే ఉండాల్సి వచ్చిందంటే బాధగా ఉంటుంది.

ఇప్పుడు అందరూ చేసే పోలికకే వద్దాం: అమెరికా డిస్ట్రాయర్లలో ఆర్లీ బర్కా, జుమ్వాల్టా?

ఆర్లీ బర్క్ 1991లో చేరింది, ఇప్పటికి 70కి పైగా ఉన్నాయి, ఇంకా కడుతూనే ఉన్నారు. జుమ్వాల్ట్ 2016లో చేరింది. 32 అనుకుని మూడు దగ్గర ఆపేశారు. దాని 155 మిల్లీమీటర్ల గన్లకు ప్రత్యేకంగా చేసిన గుండు ఒక్కోటి 8 లక్షల డాలర్లు దాటేసరికి గుండ్లే కొనలేదు. గుండ్లు లేని గన్లతో ఓడ సముద్రంలోకి వెళ్లింది. ఇంతవరకూ చూస్తే తీర్పు తేలికే, బర్క్ గెలిచింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా.

నేను ఆగలేను, ఎందుకంటే బర్క్‌లో ఖాళీ అయిపోయింది. కొత్త ఎస్‌పీవై-6 రాడార్ పెట్టడానికి ఫ్లైట్-3 (బర్క్‌లో తాజా రకం) ఓడల్లో జనరేటర్లు పెద్దవి చేయాల్సి వచ్చింది, కూలింగ్ యంత్రాలు మార్చాల్సి వచ్చింది, పెరిగిన బరువు మోయడానికి వెనక భాగం వెడల్పు చేయాల్సి వచ్చింది. 1980లలో గీసిన హల్ నుంచి ఇంతకంటే పిండలేరు. జుమ్వాల్ట్‌లో 78 మెగావాట్ల విద్యుత్తు ఉంది. పనికిరాని గన్ తీసేస్తే ఆ చోట హైపర్‌సానిక్ (ధ్వని కంటే ఎన్నో రెట్లు వేగమైన) మిసైళ్ల గొట్టాలు దిగాయి, 12 మిసైళ్లు పడతాయి. తప్పు ఆయుధం చుట్టూ కట్టిన ఓడ కూడా లోపల చోటూ కరెంటూ ఉండబట్టే రెండో బతుకు బతుకుతోంది. ఈరోజు ఓడ కావాలంటే నేనూ బర్కే కొంటాను. తర్వాతి తరం ఓడను మాత్రం బర్క్‌లా గీయను. జుమ్వాల్ట్ పరిమాణం, దాని కరెంటు తీసుకుని అందులో తెలిసిన ఆయుధాలు పెడతాను.

దీనికి ఎర్ర సముద్రం ఒక్కటి చాలు సాక్ష్యం. 2023 అక్టోబర్ నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు వదిలిన డ్రోన్లనూ మిసైళ్లనూ డిస్ట్రాయర్లు కూల్చాయి. చవక డ్రోన్ మీదికి దాదాపు 20 లక్షల డాలర్ల మిసైల్ వదలడం ఎన్నాళ్లు సాగుతుంది? డబ్బు సంగతి అటుంచండి, సెల్స్ ఖాళీ అయితే మామూలుగా రేవుకు వెళ్లే నింపుకోవాలి, అన్నాళ్లూ ఆ ఓడ లేనట్టే. అందుకే లేజర్ల వైపు చూస్తున్నారు. అమెరికా డిస్ట్రాయర్ యూఎస్‌ఎస్ ప్రెబుల్ మీద 60 కిలోవాట్ల స్థాయి లేజర్ పెట్టారు. లేజర్‌కు గుండు అక్కర్లేదు, కరెంటు కావాలి, అది పుట్టించే వేడిని లాగేయాలి. కిక్కిరిసిన ఓడలో ఈ రెండూ ఉండవు.

విమానం దగ్గరికి వస్తే నా వాదన ఇంత సాఫీగా నడవదు. ఓడలో ఖాళీ గది ఎవరికీ అడ్డు కాదు. విమానంలో ప్రతి అంగుళమూ బరువే, గాలికి అడ్డే. అయినా అమెరికా ఫైటర్ ఎఫ్-15 చరిత్ర మర్చిపోలేం. 1972లో మొదట ఎగిరింది. నేల మీది దాడి కోసం ఒక్క పౌండు బరువు కూడా పెంచేది లేదని పట్టుబట్టి చేసిన విమానం అది. కానీ రెండు పెద్ద ఇంజన్లు, పెద్ద రాడార్ పట్టే ముక్కు, విశాలమైన రెక్క ఉండటంతో 1986లో ఎఫ్-15ఈ బాంబర్‌గా ఎగిరింది, 2021లో ఎఫ్-15ఈఎక్స్‌గా మళ్లీ ఎగిరింది. గాలిలో పోరులో దీన్ని మించిన ఎఫ్-22 మాటేమిటి? పోరాడే గుణంలో దానికి సాటి లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయుధాలు పొట్టలో పట్టినవే పట్టాలి, బయట తగిలిస్తే స్టెల్త్ (రాడార్‌కు సులువుగా దొరకని గుణం) పోతుంది. లోపలి కంప్యూటర్లు 1980ల నాటి ఐ960 ప్రాసెసర్ల చుట్టూ అల్లినవి. ఎఫ్-15కు 2003లోనే అందిన, దగ్గరి విమానాన్ని కూల్చే ఏఐఎం-9ఎక్స్ మిసైల్ ఎఫ్-22 స్క్వాడ్రన్‌కు వచ్చేసరికి 2016 అయింది. దళానికి చేరినవి 187 మాత్రమే. ఇంకో 194 కట్టాలంటే దాదాపు 5,000 కోట్ల డాలర్లవుతుందని 2017లో అమెరికా వైమానిక దళమే లెక్క తేల్చి, ఆ ఆలోచన వదిలేసింది.

ఎఫ్-22 తర్వాత వచ్చిన అమెరికా స్టెల్త్ ఫైటర్ ఎఫ్-35 కథ ఇంకా నేర్పుతుంది. దీనిలో ఎలక్ట్రానిక్స్ వేడిని ట్యాంకులోని ఇంధనమే మోస్తుంది. ఇంధనం మరీ వేడిగా ఉంటే విమానానికి ఇబ్బంది, అందుకే అరిజోనాలోని ల్యూక్ బేస్‌లో ఇంధనం లారీలకు 2014లో తెల్ల రంగు వేశారు. తర్వాత ఎలక్ట్రానిక్స్ పెరిగాయి. కూలింగ్ అవసరం మొదట అనుకున్నదానికి రెండింతలైంది. ఆ అదనపు చల్లదనం కోసం ఇంజన్ నుంచి ఎక్కువ గాలి లాగుతున్నారు, దాంతో ఇంజన్ వేడెక్కి త్వరగా అరిగిపోతోందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ చెప్పింది. ఎక్కువ చల్లదనమిచ్చే కొత్త తరహా ఇంజన్ పెడదామంటే, నిలువుగా దిగే ఎఫ్-35బీలో అది ఇమడదు. ఒకే విమానాన్ని మూడు రకాలుగా చేయాలన్న మొదటి నిర్ణయం ఇక్కడ అడ్డొచ్చింది. 2023లో ఉన్న ఇంజన్‌నే మెరుగుపరచడానికి ఒప్పుకున్నారు. ఇంత చెప్పినా, శత్రువు గగనతల రక్షణ గట్టిగా ఉన్న మొదటి రాత్రి ఎఫ్-15ఈఎక్స్‌లో కాదు, ఎఫ్-35లోనే వెళ్లాలి. స్టెల్త్‌ను ఖాళీ చోటుతో కొనలేం. కాబట్టి ఫైటర్‌కు నా జవాబు వేరు: లోపల చోటు మిగలకపోయినా ఫరవాలేదు, జనరేటర్, కూలింగ్ మాత్రం ఈనాటి అవసరానికి రెండింతలు పెట్టాలి. ఆ బరువు మొదటి రోజు నుంచీ మోయాలి, వేగంలో కొంత పోతుంది. పోనివ్వండి.

ఈ విషయంలో దక్షిణ కొరియా చేస్తున్న పని నాకు నచ్చింది. 2022 జులైలో మొదట ఎగిరిన దాని ఫైటర్ కేఎఫ్-21కి స్టెల్త్ ఆకారం ఉంది, కానీ మిసైళ్లు పొట్ట కింద సగం దాగి బయటే వేలాడతాయి. మిసైళ్లు దాచే లోపలి అర తర్వాతి రకంలో పెట్టుకునేలా మొదటి గీతలోనే చోటు వదిలారు. ఈరోజు ఎఫ్-35తో పోటీ పెడితే అది ఓడిపోతుంది. ఆ అర నిజంగా వస్తుందా, దానికి తగ్గ డబ్బు పెడతారా అన్నది కొరియా తేల్చుకోవాలి. పెడితే మాత్రం కొత్త విమానం కట్టకుండానే ఆ అర పెడతారు.